అగ్గిపెట్టెలో పట్టిన సినిమా

గద్వాల చీర అగ్గిపెట్టెలో పడుతుందని మన పాలమూరులో ఒక మాట వుంది. 2016లో గద్వాల వేరే జిల్లాకి పోయిందనుకోండి, అయినా చీరల మాట వచ్చేసరికి మనదే అంటాం, వదులుకోం. ఆ చీరని నిజంగా అగ్గిపెట్టెలో పెట్టి చూసినవాళ్లు ఎందరోగాని, చెప్పుకునేవాళ్లు మాత్రం కోకొల్లలు. చీరంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండూ మగ్గం మీదే కలుపుతూ నేసిన అన్ని రోజుల పని అంత చిన్నచోట యిమిడిందని చెప్పుకోవడంలో ఒక గర్వం వుంది.

ఈ వారం నేను చెప్పబోయే సినిమా కూడా ఆ జాతిదే. నిడివి పదిహేను నిమిషాలు. అందులో వున్నవి ఒక ముసలావిడ, ఒక పిల్లి, కొన్ని అగ్గిపెట్టెలు. మాటలు లేవు. పేరు ‘ప్రింటెడ్ రెయిన్‌బో’. అచ్చేసిన ఇంద్రధనుస్సు అని చెప్పుకోవచ్చు. 2006లో వచ్చింది. బొమ్మలన్నీ గీసి, రంగులద్ది, కదిలించి, సినిమాగా తయారుచేసిన ఆవిడ గీతాంజలి రావు.

రావు అనగానే “మన తెలుగువాళ్లేనా?” అని మీరు అడగబోతున్నారని నాకు తెలుసు. వూరూ పేరూ చెప్పగానే చుట్టరికం కలపడం మనకి అలవాటు కదా! ఆ విచారణ పక్కన పెడదాం. బొంబాయిలో చదువుకుని, ఆ వూళ్లోనే పనిచేస్తూ వచ్చిన మనిషి. 2018లో వచ్చిన ‘అక్టోబర్’ అనే హిందీ సినిమా మీరు చూసివుంటే ఆవిడని చూసినట్టే. ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడివున్న కూతురి మంచం పక్కన, ఏడుపు దిగమింగుకుని కూర్చునే ప్రొఫెసరు తల్లి వేషం వేసింది ఈవిడే. నాటకాల అనుభవం వున్న నటి. కాని ఆవిడ అసలు పని బొమ్మలు.

బొమ్మల సినిమా అంటే మనకి పిల్లలే గుర్తుకొస్తారు. పిల్లవాడు అన్నానికి మారాం చేస్తుంటే టీవీలో ఛోటా భీమ్ పెట్టి నాలుగు ముద్దలు తినిపించని తల్లి వుందా? ఆ భీముడు పుట్టింది మన హైదరాబాదులోనే, 2008లో. అంతకుముందు తరం వాళ్లకి దూరదర్శన్‌లో వచ్చిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ జ్ఞాపకం వుంటుంది. పిట్టలన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోయే కథ. హిందీ రాని యిళ్లలో కూడా పిల్లలు దాని పాట పాడేవారు. 1974లో ఫిల్మ్స్ డివిజన్ తయారుచేసిన ఆ చిన్న సినిమాకి దర్శకురాలు విజయా మూలే అనే స్త్రీ అని మనలో ఎంతమందికి తెలుసు?

మన దేశంలో బొమ్మల సినిమా మొదలైందే అగ్గిపుల్లలతో. 1915లో, యుద్ధం వల్ల విదేశాల నుంచి ముడి ఫిలిం సరిగ్గా రాక పెద్ద సినిమాలు తియ్యడానికి వీల్లేని రోజుల్లో, ఫాల్కే అగ్గిపుల్లల్ని కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీసి, అవి వాటంతటవే ఆడుతున్నట్టు చూపించాడు. తరవాత 1956లో ఫిల్మ్స్ డివిజన్‌లో కార్టూన్ విభాగం నడక నేర్చింది. డిస్నీలో పనిచేసిన క్లేర్ వీక్స్ వచ్చి మనవాళ్లకి శిక్షణ యిచ్చాడు. రామ్ మోహన్ లాంటివాళ్లు అక్కడే తయారయ్యారు. 1957లో వచ్చిన ‘ది బనియన్ డీర్’ ఆ శిక్షణ ఫలమే. ఆ విభాగం చాలా మంచిపని చేసింది. కాని అది సర్కారు విభాగం. అంచేత బొమ్మకి ఎప్పుడూ ఒక బాధ్యత వుండేది. కుటుంబ నియంత్రణ చెప్పాలి, ఐకమత్యం చెప్పాలి, పొదుపు చెప్పాలి. అటు పిల్లలు, ఇటు పాఠాలు. ఒక పెద్దమనిషి మనసులో ఏముందో బొమ్మలు గీసి చెప్పవచ్చునన్న ఆలోచనకి చోటు తక్కువ. గీతాంజలి రావు ఆ చోటు వెతుక్కుంది. ఆవిడ సినిమాలన్నిటినీ వరసగా చూస్తే, ఎవరూ పట్టించుకోని మనిషికి కూడా లోపల ఒక లోకం వుంటుందన్న ఒక్క సంగతి చుట్టూనే ఆవిడ తిరిగిందనిపిస్తుంది. ఆ సంగతి ఎక్కడ బాగా చెప్పింది, ఎక్కడ తడబడింది అన్నదే నా విచారం.

ముందు ఆ పనిలో కష్టం ఎంతో కొంచెం లెక్క వేసుకుందాం. పద్దు రాసుకునే యిల్లాళ్లం, లెక్కలు మనకి కొత్తకాదు. సినిమాలో సెకనుకి 24 చిత్రాలు తెరమీద మారతాయి. ఒక్కొక్క బొమ్మని రెండేసి చిత్రాలకి వాడుకున్నా సెకనుకి 12 బొమ్మలు కావాలి. నిమిషానికి 720. పదిహేను నిమిషాలకి 10,800. వంటింట్లో ముసలావిడ చెయ్యి చాచి గిన్నె అందుకోవాలంటే ఆ చెయ్యిని పాతిక ముప్ఫై సార్లు, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో గియ్యాలి. ‘ప్రింటెడ్ రెయిన్‌బో’ మీద ఆవిడ రమారమి మూడేళ్లు ఒంటిచేత్తో పనిచేసింది. మనం రోజూ తెల్లారగట్ల వాకిట్లో ముగ్గు వేస్తాం, మధ్యాహ్నానికి అది తొక్కుళ్లు పడి చెరిగిపోతుంది. ఈ పనిలో ఒక్కొక్క బొమ్మ ఆయుష్షు సెకనులో పన్నెండో వంతు. అంత సేపు కనిపించేదాని కోసం అంత శ్రద్ధ పెట్టడానికి ఎంత వోపిక కావాలి!

1994లో బొంబాయి జె.జె. కళాశాలలో కమర్షియల్ ఆర్ట్ చదివి పట్టా పుచ్చుకున్న ఆవిడ, బొమ్మల్ని కదిలించే విద్యని సొంతంగా నేర్చుకుంది. ‘ఆరెంజ్’ అనే చిన్న ప్రయత్నం దీనికి ముందుది. పేరు తెచ్చింది మాత్రం ‘ప్రింటెడ్ రెయిన్‌బో’.

కథ చెబుతాను. కథ అని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పెద్ద వూళ్లో, పెట్టెలు పేర్చినట్టుండే మేడల మధ్య ఒక చిన్న ఫ్లాటు. అందులో ఒక ముసలావిడ ఒంటరిగా వుంటుంది. తోడు పిల్లి. లేవడం, నాలుగు పనులు చేసుకోవడం, కిటికీలోంచి చూడడం, మళ్లీ పడుకోవడం. ఈ భాగమంతా బూడిదరంగులో వుంటుంది. ఆవిడ దగ్గర రకరకాల అగ్గిపెట్టెలు పోగుచేసి వున్నాయి. ఒక్కొక్క పెట్టె తీసి దాని మీది బొమ్మకేసి చూస్తుంది. చూస్తూ చూస్తూ ఆ బొమ్మలోకి వెళ్లిపోతుంది. పిల్లి కూడా ఆవిడ వెంటే. అక్కడ రంగులు విరగకాస్తాయి. పాతకాలపు అగ్గిపెట్టెల మీద మనం చూసిన అచ్చు రంగులే అవి, ముదురు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. పెట్టె మారితే లోకం మారుతుంది.

మనలో అగ్గిపెట్టె బొమ్మలు పోగుచెయ్యని చిన్నతనం ఎవరిది? వింకో కంపెనీ ఓడ బొమ్మ, శివకాశి నుంచి వచ్చే చిరుతపులి పోరాటం. ఒక ఓడ బొమ్మకి రెండు పులులు మార్చుకున్న వ్యాపారాలు మన వాకిళ్లలో ఎన్ని జరగలేదు! అణా విలువ చెయ్యని ఆ కాగితం ముక్కని ఒక మనిషి బతుకుకి కిటికీ చేసుకోవచ్చునన్న వూహే నాకు అన్నిటికంటె నచ్చింది. పైగా అగ్గిపెట్టె వంటింటి సామాను. ముసలావిడ తన కలని వంటింట్లో దొరికిన దానితోనే తయారుచేసుకుంది.

ఈ సినిమాలో ఏది గొప్ప అని అడిగితే నేను రంగుల మాట తరవాత చెబుతాను. ముందు చెప్పవలసింది, ఆవిడ మీద జాలిపడమని సినిమా మనని అడగకపోవడం. ఇదే వస్తువుని మన వారపత్రికల కథల్లో ఎలా రాస్తామో ఒకసారి గుర్తుచేసుకోండి. కొడుకు అమెరికాలో వుంటాడు. కోడలు మాట పడనివ్వదు. పండక్కి వస్తామన్నవాళ్లు రారు. ముసలావిడ చేసిన అరిసెలు డబ్బాలోనే వుండిపోతాయి. చివరి పేరాలో మనం కళ్లు వొత్తుకుంటాం. అలాంటి కథలు తప్పని అనను, వాటిలో నిజం వుంది. కాని ఆ కథల్లో ముసలమ్మకి సొంత బుద్ధి వుండదు, ఎదురుచూపు ఒక్కటే వుంటుంది. ఈ సినిమాలో ఎదురుచూపు లేదు. ఆవిడకి పిల్లలున్నారా, వుంటే ఎందుకు రారు అన్న పంచాయతీ పెట్టలేదు. ఒంటరితనం వుంది, అది దాచలేదు. దానితోపాటు ఆవిడకి ఒక పని వుంది, ఒక ఇష్టం వుంది, వెళ్లడానికి చోట్లున్నాయి. ముసలితనంలో ఆడది తనకోసం తాను ఏదైనా వుంచుకుంటుందని ఒప్పుకున్న సినిమాలు మనకి చాలా తక్కువ.

రెండో గొప్ప, మాటలు లేకపోవడం. మాట లేకపోతే బొమ్మ అబద్ధం చెప్పడానికి వీలుండదు. నడుం పట్టుకుని లేవడం, చెయ్యి సాచడంలో తడబాటు, ఇవన్నీ గీతలోనే తెలియాలి. తెలుస్తాయి. మీ యింట్లో పెద్దావిడ వుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. భాష రాదన్న భయం లేదు.

నాకు నచ్చని సంగతీ చెబుతాను. ముసలావిడ ఫ్లాటంతా బూడిదరంగు, అగ్గిపెట్టె లోకమంతా రంగులు. ఇంత తెగ్గొట్టినట్టు విడదీయడం చూడ్డానికి బాగుంది, చప్పున అర్థమవుతుంది. కాని వంటిల్లు అంత బూడిదరంగుగా వుంటుందా? పసుపు డబ్బా మూత తీస్తే పసుపేగా? ఎండుమిరపకాయ, కరివేపాకు, చింతపండు, వీటికి రంగు లేదా? రోజువారీ పని విసుగే, కాదనను. ఆ విసుగులో కూడా అక్కడక్కడ ఒక మెరుపు వుంటుందని వంటచేసే ప్రతి ఆడదానికీ తెలుసు. పనిలో రంగు లేదు, కలలోనే రంగు వుంది అంటే సగం నిజమే చెప్పినట్టు. దర్శకురాలికి ఈ సంగతి తరవాత తెలిసిందనుకుంటాను. ఎలాగో ముందు చూద్దాం.

2006లో ఫ్రాన్సులోని కాన్ పట్టణంలో జరిగే పండగలో, విమర్శకుల వారం అనే విభాగంలో, ఈ పదిహేను నిమిషాల సినిమా మూడు బహుమతులు గెలుచుకుంది. ఇల్లు కదలని ముసలావిడ కథ సముద్రాలు దాటి వెళ్లింది. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. తరవాత?

ఇక్కడే అసలు చిక్కంతా. పొట్టి సినిమాని మన థియేటర్లో ఎవరు వేస్తారు? ఏ పంపిణీదారు కొంటాడు? బహుమతి వస్తే శాలువా వస్తుంది, చప్పట్లు వస్తాయి. మరో మూడేళ్లు కూర్చుని గియ్యడానికి యింటి అద్దె ఎవరిస్తారు? ఈ దారిలో సొంతంగా నడిచేవాళ్లు మామూలుగా సబ్బులకీ బిస్కట్లకీ ప్రకటనల బొమ్మలు గీసి బతుకుతూ, మిగిలిన పొద్దులో తమ పని చేసుకుంటారు. రోజంతా యింటి పని చేసి, అందరూ పడుకున్నాక దీపం దగ్గర కథ రాసుకునే రచయిత్రుల సంగతి మనకి తెలిసిందే. ‘గిర్గిట్’ అనే పెద్ద సినిమా ఒకటి గీతాంజలి రావు తలపెట్టి, దాని మీద ఏళ్లు వెచ్చించి, డబ్బు కుదరక చివరికి వదులుకోవలసి వచ్చింది. తొలి విజయానికీ, 2014లో అదే కాన్ విమర్శకుల వారానికి వెళ్లిన మరో పొట్టి సినిమా ‘ట్రూ లవ్ స్టోరీ’కీ నడుమ ఎనిమిదేళ్లు. ఒక కళాకారిణి జీవితంలో ఎనిమిదేళ్లంటే తక్కువా?

ఆడవాళ్లకి ఈ రంగంలో ఈ పేచీ మొదటి నుంచీ వుంది. 1926లోనే జర్మనీలో లొట్టె రైనిగర్ అనే ఆవిడ కత్తెర పట్టుకుని, నల్ల అట్టలు కత్తిరించి, వాటి నీడలతో ‘అహ్మద్ రాకుమారుడి సాహసాలు’ అనే పూర్తి నిడివి సినిమా తీసింది. చూస్తే మన తోలుబొమ్మలాటకి దూరపు చుట్టంలా వుంటుంది. ఆ తరవాత పదేళ్లకి అమెరికాలో డిస్నీ స్టూడియోలో ఆడపిల్లలు గుంపులు గుంపులుగా పనిచేసేవారు. దాదాపు అందరికీ ఒకే పని. మగవాళ్లు గీసిన గీత మీద సిరా దిద్దడం, లోపల రంగు నింపడం. బొమ్మని పుట్టించే పని ఆడవాళ్లది కాదని 1938లో ఉద్యోగం అడిగిన ఒక అమ్మాయికి ఆ స్టూడియో ఉత్తరమే రాసింది. ఒకరు చెప్పిన కథకి రంగులద్దడానికి మన వేళ్లు పనికొస్తాయి, కథ చెప్పడానికి మన బుర్ర పనికిరాదు! ఈ ధోరణి ఒక్క సినిమా వాళ్లదే అంటే నేను నమ్మను.

సరే, ‘బాంబే రోజ్’ దగ్గరికి వద్దాం. ‘ట్రూ లవ్ స్టోరీ’లోని బొంబాయి వీధి ప్రేమనే పెంచి గంటన్నర సినిమా చేసింది. 2019లో వెనిస్ పండగలో విమర్శకుల వారం ఈ సినిమాతోనే మొదలైంది. 2021 మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం నాడు, నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఈసారి ఒంటరి పని కాదు. అరవైమంది దాకా చిత్రకారులు ఏడాదిన్నర పాటు ప్రతి చిత్రాన్నీ చేత్తో, కంప్యూటర్ మీద కుంచెతో వేసినట్టు, వేశారు. ఆవిడ కథ రాసి, రూపకల్పన చేసి, కూర్పు చేసి, దర్శకత్వం వహించింది.

ఈ సినిమా మిగతా వూళ్లవాళ్లకి ఎలా వుంటుందోగాని, పాలమూరు వాళ్లకి మాత్రం గుండెలో ఎక్కడో తగులుతుంది. బొంబాయి మనకి తెరమీద వూరు కాదు. కోస్గి, మద్దూరు వైపు నుంచి బొంబాయికి బస్సులు నడిచాయంటే ఎవరికోసం? మూటా ముల్లె, చంకలో పిల్లతో బయల్దేరిన కూలిజనం కోసం. బొంబాయిలో కామాఠీపురా అనే పేటకి ఆ పేరు, ఎప్పుడో మన ప్రాంతాల నుంచి కూలికి వెళ్లిన కామాటీల వల్లే వచ్చిందంటారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు లేబరు అన్న మాట వినిపించేది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నడిచి యిళ్లకి బయల్దేరిన జనాన్ని టీవీలో చూసి, వాళ్లలో మన వూరివాళ్లు ఎవరైనా వున్నారా అని వెతకని కళ్లున్నాయా?

‘బాంబే రోజ్’లో కమల అలా వచ్చిన పిల్లే. మధ్యప్రదేశ్ పల్లెలో చిన్ననాటి పెళ్లి తప్పించుకుని, తాతనీ చెల్లెల్నీ తీసుకుని బొంబాయి చేరింది. పగలు పూలు అమ్ముతుంది. రాత్రి బారులో నాట్యం చేస్తుంది, ఆ సంగతి బయటికి చెప్పుకోలేదు. తాత గడియారాలు బాగుచేస్తాడు. చెల్లెలు తార బడికి వెళుతుంది. వీధికి అటువైపు సలీం, కశ్మీరులో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న కుర్రవాడు. అతనూ పూలే అమ్ముతాడు, సమాధుల మీంచి తెచ్చిన పూలు! ఆమె హిందువు, ఇతను ముసల్మాను. ఇద్దరి మధ్యా ఒక రోడ్డు, దాని మీద ఆగని బండ్లు. సలీం కలల్లో హిందీ సినిమా హీరో. కమల కలల్లో పాత మొగలు చిత్రాల్లోలాంటి తోటలు, రాజులు, గుర్రాలు.

చూడ్డానికి కన్నులపండువ. వాన పడ్డ రోడ్డు మీద దీపాల వెలుగు, పూలబుట్టలో ఎరుపు, మురికివాడ గోడల మీద నాచు, వాటికోసమే మరోసారి చూడాలనిపిస్తుంది. కాని కథ దగ్గరికి వచ్చేసరికి, పెళ్లిలో నలభై రకాలు వడ్డించి అన్నం వడ్డించడం మరిచిపోయినట్టయింది. బాల కార్మికుల మీద దాడి వుంది, దుబాయి తీసుకుపోతానని ఆశపెట్టే దళారీ వున్నాడు, కశ్మీరు వుంది, బారు నాట్యం వుంది, మతాల గొడవ వుంది, సినిమా పిచ్చి వుంది. ఒక్కొక్కటీ ఒక సినిమాకి సరిపడేది. అన్నీ ఒకే విస్తట్లో పడేసరికి కమల మనసులోకి మనం వెళ్లే లోపలే ఇంకొకరి కథ మొదలవుతుంది. పదిహేను నిమిషాల్లో ముసలావిడతో ఎంత చనువు ఏర్పడిందో, గంటన్నరలో కమలతో అంత ఏర్పడదు.

అంతకంటె నాకు గుచ్చుకున్నది కమల కలలే. కష్టపడే పిల్ల కలగంటే రాకుమారి కావలసిందేనా? కోస్గి నుంచి వెళ్లి బొంబాయిలో తట్ట మోసే అమ్మాయి ఏం కలగంటుంది? వూరి చెరువు నిండినట్టు కలగంటుందేమో. అప్పు తీర్చి కాగితం చింపేసినట్టు, తన వాకిట్లో తాను మంచం వేసుకుని పడుకున్నట్టు కలగంటుందేమో. అగ్గిపెట్టెల ముసలావిడ కల ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు, తన వంటింట్లో దొరికింది. కమల కల మాత్రం మ్యూజియం గోడ మీంచి తీసి ఆవిడకి తొడిగినట్టు నాకనిపించింది. సలీం కలలకి సినిమా హాలు ఆధారం వుంది, అంచేత అవి నమ్మకంగా వున్నాయి.

పేదరికానికి ఇన్ని రంగులేమిటి, ఆకలి ఇంత అందంగా వుంటుందా అని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు ఏమిటంటే, సిగ్నల్ దగ్గర పూలమ్మే పిల్ల దగ్గరికి రాగానే మనం కారు అద్దం పైకి ఎత్తుతాం. ఆ పిల్లకి పేరుంటుందని, తాత వుంటాడని, రాత్రి నిద్రలో ఏదో చూస్తుందని ఆలోచించం. ఈ సినిమా ఆ అద్దం దించుతుంది. అందం కొంచెం ఎక్కువైనా ఆ పని చేసింది కనక నేను దాన్ని తోసిపుచ్చలేను.

ఇంక, ముందు చూద్దామన్న సంగతి. ‘బాంబే రోజ్’లో కూడా ఒక ముసలావిడ వుంది, మిస్ డిసౌజా. ఒకప్పుడు సినిమాల్లో వేసిన మనిషి, ఇప్పుడు ఒంటరిగా వుంటూ తారకి ఇంగ్లీషు చెబుతుంది. ఆవిడ వీధిలోకి వచ్చి నడుస్తుంటే ఆవిడ చుట్టూ వున్న బొంబాయి రంగులు కరిగిపోయి, పాతకాలపు నలుపు తెలుపు బొంబాయి అయిపోతుంది. కొత్త మేడలు పోయి పాత యిళ్లు వస్తాయి. గమనించారా? మొదటి సినిమాలో ఎదుటి లోకం బూడిదరంగు, మనసులోది రంగుల లోకం. ఇక్కడ తిరగబడింది. ఎదుటి లోకానికే రంగులు, మనసులోది నలుపు తెలుపు. పూలబుట్టకీ, గడియారాల కొట్టుకీ, యిరుకు గదికీ రంగు వచ్చింది. వంటింటికి రంగు లేదా అని ఇందాక నేను అడిగిన ప్రశ్నకి, పదమూడేళ్ల తరవాత ఆవిడ తన పనితోనే జవాబు చెప్పినట్టయింది. ఒక కళాకారిణి ఎదగడమంటే ఇదే. సినిమా మొత్తంలో నేను మరిచిపోలేని భాగం కూడా ఇదే. ముసలితనం, ఒంటరితనం, జ్ఞాపకం, ఇవి దొరికితే గీతాంజలి రావు చెయ్యి తప్పదు. ప్రేమికుల దగ్గర వున్న తొందర ఇక్కడ లేదు.

అంచేత నా తీర్పు ఏమిటంటే, ఆవిడ చిన్న సినిమాలోనే పెద్ద కళాకారిణి. పెద్ద సినిమా తీసినప్పుడు కూడా అందులో మంచి భాగాలు చిన్న సినిమాల్లాంటివే. నిడివి పెరిగితేనే విలువ పెరుగుతుందన్న లెక్క మనది. నవల రాస్తేగాని రచయిత్రి కాదు, కథలు రాస్తే కాలక్షేపం అంటాం. ఆ లెక్క ప్రకారం చూస్తే ‘బాంబే రోజ్’ ఆవిడ జీవితంలో మెట్టు, ‘ప్రింటెడ్ రెయిన్‌బో’ ఆ మెట్టు కింద పీట. నాకు తిరగేసి కనిపిస్తోంది.

చివరగా ఒక మాట, ఆడపిల్లల తల్లులకి. నోటుపుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు గీసే పిల్లలు ప్రతి యింట్లోనూ వుంటారు. “గీస్తే అన్నం పెడుతుందా?” అని మనమే అంటాం. ఇప్పుడు పెడుతుందనే చెప్పవచ్చు. హైదరాబాదులో జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యూ.లో దీనికి డిగ్రీ చదువుంది, పట్నంలో స్టూడియోలున్నాయి. అవి ఎక్కువగా ఒకరు చెప్పిన కథకి రంగులద్దే ఉద్యోగాలే. అందులో తప్పులేదు, నెల జీతం నెల జీతమే. కాని ఆ పిల్ల ఒక రాత్రి కూర్చుని తన కథ తాను గీసుకుంటుంటే, దీపం ఆర్పి పడుకోమని కసరకండి. మూడేళ్లు పట్టినా సరే.

ఈ రెండు సినిమాల్లో ముందు చిన్నదే చూడండి. చూశాక వంటింట్లోకి వెళ్లండి. గ్యాసు పొయ్యికి లైటరు వచ్చినా దేవుడి దీపం దగ్గర అగ్గిపెట్టె వుంటుంది. దాని మీద బొమ్మ ఏమిటో ఒకసారి చూడండి. ఇన్నేళ్లుగా గీస్తూనే వున్నాం, ఎప్పుడైనా పరికించి చూశామా?